రైఫిల్ కేస్ రీసైజింగ్: రెండు థౌల తేడా ఎందుకంత ముఖ్యం?

టెక్సాస్‌లో ఉంటున్న మా మామూ కొడుకు మొన్న ఇషా నమాజ్ తర్వాత వీడియో కాల్ చేశాడు. ముఖం కొంచెం పాలిపోయి ఉంది. "ఇది చూడు" అంటూ కెమెరా ముందు ఒక ఇత్తడి ముక్క పట్టుకున్నాడు. తూటా కేస్ వెనక సగం అది. ముందు సగం రైఫిల్ చాంబర్‌లోనే ఇరుక్కుపోయిందట. షూటింగ్ రేంజ్‌లో కాల్చిన వెంటనే బోల్ట్ దగ్గర నుంచి వేడి గ్యాస్ ముఖం మీదకి కొట్టింది. కళ్లద్దాలు పెట్టుకున్నాడు కాబట్టి కళ్లు దక్కాయి, అల్హందులిల్లాహ్.

ఆ తూటా కంపెనీది కాదు. భాయ్ గ్యారేజ్‌లో సొంతంగా రీలోడ్ చేసుకున్నది. అదే కేస్‌ను అప్పటికి ఐదోసారి వాడుతున్నాడు. "డై కంపెనీ ఇచ్చిన కాగితంలో ఎలా ఉందో అలాగే బిగించాను, మరి ఎందుకు తెగింది?" అని అడిగాడు. నేను బీకాం చదివినవాణ్ని, నాకేం తెలుస్తుంది? కానీ ఆ ప్రశ్న వదల్లేదు. భాయ్ పంపిన ఫోటోలు, కొలతలు తీసుకెళ్లి బాలానగర్‌లో లేత్ మిషన్ నడిపే మా నాన్న స్నేహితుడికి చూపించాను. ఆయన కాసేపు చూసి, "ఇందులో తుపాకీ సంగతి తక్కువ, కొలత సంగతి ఎక్కువ బేటా. కొలిచి తిప్పాలి. మీ భాయ్ తిప్పి ఊరుకున్నాడు" అన్నారు.

ఆ ఒక్క మాటలోనే విషయమంతా ఉంది. దాన్ని కొంచెం విప్పి చెప్పుకుందాం. అమెరికాలో మన తెలుగువాళ్లు, హైదరాబాదీలు చాలామంది వారాంతాల్లో రేంజ్‌లకు వెళ్తున్నారు. రీలోడింగ్ మొదలుపెట్టిన వాళ్లు కూడా ఉన్నారు. వాళ్లకు ఇది పనికొస్తుంది.

ముందుగా ఒక హెచ్చరిక

ఇండియాలో ఉన్నవాళ్లు ఈ పని చేయడానికి వీల్లేదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా తూటాలు తయారు చేయడం నేరం. ఆ చట్టంలో 'అమ్యూనిషన్' అన్న మాటకు ఇచ్చిన అర్థంలోనే తూటాల విడిభాగాలు, వాటిని తయారు చేసే యంత్రాలు కూడా వస్తాయి. అమెరికా నుంచి సెలవులకు వచ్చేటప్పుడు రేంజ్‌కి తీసుకెళ్లిన బ్యాగునే సర్దుకుని రావొద్దు. మూలన మరిచిపోయిన ఒక్క తూటా చాలు, ఎయిర్‌పోర్ట్ నుంచి ఇంటికి బదులు పోలీస్ స్టేషన్‌కి వెళ్లాల్సి వస్తుంది.

అమెరికాలో సొంత వాడకానికి రీలోడ్ చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు. అమ్మకానికి చేస్తే మాత్రం కావాలి. రాష్ట్రాల నిబంధనలు వేరువేరుగా ఉంటాయి, అవి ఎవరికి వాళ్లు చూసుకోవాలి.

ఇక్కడ షూటింగ్ నేర్చుకునే పిల్లల తల్లిదండ్రులు కంగారు పడనక్కర్లేదు. మన హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో. దానికి తూటా కేసే ఉండదు, గాలి ఒత్తిడితో పెల్లెట్ వెళ్తుంది. 50 మీటర్ల పోటీల్లో వాడే .22 తూటాకు మండే మందు అంచులోనే ఉంటుంది. కాల్చినప్పుడు ఆ అంచు నలిగిపోతుంది కాబట్టి దాన్ని మామూలుగా మళ్లీ వాడరు. ఇక్కడ మనం మాట్లాడుకునేది .308 లాంటి పెద్ద రైఫిల్ తూటాల గురించి.

కాల్చినప్పుడు ఇత్తడికి ఏమవుతుంది?

రైఫిల్ తూటాలో నాలుగు భాగాలు ఉంటాయి. ముందు బుల్లెట్, లోపల పౌడర్, వెనక ప్రైమర్, వీటన్నిటినీ పట్టి ఉంచే ఇత్తడి కేస్. ఈ ఇత్తడిలో సుమారు 70 శాతం రాగి, 30 శాతం జింక్. కేస్ ఆకారం సీసాలా ఉంటుంది. కింద వెడల్పాటి ఒళ్లు, పైన సన్నని మెడ, ఆ రెండింటి మధ్య వాలుగా భుజం. రీలోడింగ్ చేసేవాళ్లు దాన్ని షోల్డర్ అంటారు.

ట్రిగ్గర్ నొక్కగానే లోపల విపరీతమైన ఒత్తిడి పుడుతుంది. .308 విన్‌చెస్టర్ తూటాకు అమెరికా పరిశ్రమ ప్రమాణం ప్రకారం అనుమతించే గరిష్ఠ ఒత్తిడి చదరపు అంగుళానికి 62,000 పౌండ్లు. కారు టైర్‌లో ఉండేది 30, 35 పౌండ్లే. ఆ ఒత్తిడికి ఇత్తడి బెలూన్‌లా ఉబ్బి చాంబర్ గోడలకు అతుక్కుంటుంది. గ్యాస్ వెనక్కి రాకుండా ఆపేది అదే. ఒత్తిడి తగ్గగానే ఇత్తడి కొద్దిగా వెనక్కి ముడుచుకుంటుంది. పూర్తిగా పాత సైజుకి రాదు.

అందుకే కాల్చిన కేస్ ఆ రైఫిల్ చాంబర్‌కి అచ్చు తీసినట్టు ఉంటుంది. మెడ వదులై బుల్లెట్‌ను పట్టుకోదు. ఒళ్లు లావై చాంబర్‌లోకి బిగుతుగా వెళ్తుంది. దాన్ని మళ్లీ కొంచెం చిన్నది చేయాలి. ఆ పనే రీసైజింగ్. ప్రెస్ అనే లివర్ మిషన్‌లో పైన ఉక్కు డై బిగిస్తారు, కింద షెల్ హోల్డర్‌లో కేస్ పెడతారు. కేస్‌కు లూబ్ రాసి లివర్ నొక్కితే అది డైలోకి వెళ్లి పిండినట్టు అవుతుంది.

ప్రశ్న ఒక్కటే. ఎంత చిన్నది చేయాలి?

హెడ్‌స్పేస్ అంటే చాంబర్‌లో మిగిలిన జాగా

బోల్ట్ మూసినప్పుడు కేస్ అడుగు వైపు బోల్ట్ ముఖం ఉంటుంది. ముందు వైపు చాంబర్‌లోని వాలు షోల్డర్‌ను ఆపుతుంది. ఈ రెండింటి మధ్య దూరమే .308 లాంటి తూటాకు హెడ్‌స్పేస్. ప్రమాణం ప్రకారం .308 చాంబర్‌లో ఇది 1.630 నుంచి 1.640 అంగుళాల వరకు ఉండొచ్చు. కొత్త తూటాలో 1.627 నుంచి 1.634 వరకు ఉండొచ్చు.

ఇక్కడ అంగుళంలో వెయ్యో వంతు లెక్క నడుస్తుంది. బాలానగర్ వర్క్‌షాపుల్లో దాన్ని 'థౌ' అంటారు. ఫోటోస్టాట్‌కి వాడే మామూలు కాగితం మందం దాదాపు 4 థౌలు. మనం మాట్లాడబోయే సర్దుబాటు 2 థౌలు, అంటే కాగితంలో సగం.

ఇప్పుడు షోల్డర్‌ను అవసరానికి మించి వెనక్కి నెట్టామనుకుందాం, 8 థౌలు. కేస్ చాంబర్‌లో కొంచెం వదులుగా కూర్చుంటుంది. ఫైరింగ్ పిన్ కొట్టగానే కేస్ ముందుకు జరిగి షోల్డర్‌కు ఆనుతుంది, వెనక ఖాళీ మిగులుతుంది. ఒత్తిడి పెరగగానే ముందు భాగంలోని పల్చటి గోడలు చాంబర్‌ను గట్టిగా పట్టేసుకుంటాయి. వెనక అడుగు మాత్రం మందంగా ఉంటుంది, అది ఉబ్బదు. ఒత్తిడి దాన్ని బోల్ట్ మీదకి తోస్తుంది. ముందు భాగం కదలదు, వెనక భాగం కదులుతుంది. మధ్యలో ఉన్న ఇత్తడి సాగి పల్చబడుతుంది.

అలా పల్చబడే చోటు అడుగుకు కాస్త పైన ఉంటుంది. ఒకసారి సాగితే ఏమీ కాదు. మళ్లీ 8 థౌలు నెడతాం, మళ్లీ సాగుతుంది. ప్రతి నెలా కొంచెం కొంచెం డబ్బు పోతున్న ఖాతా లాంటిది ఇది, రోజూ చూస్తే తేడా తెలియదు. ఐదోసారి భాయ్ కేస్ రెండు ముక్కలైంది.

కాగితంలో రాసింది అందరి రైఫిల్ కోసం

భాయ్ చేసిన తప్పు పెద్దదేం కాదు, చాలామంది కొత్తవాళ్లు చేసేదే. షెల్ హోల్డర్‌ను పైకి లేపి, డై దానికి తగిలే దాకా తిప్పి, ఆపైన ఇంకో పావు చుట్టు బిగించమని అతని కాగితంలో ఉంది. అలా చేస్తే తయారైన తూటా దాదాపు ఏ .308 రైఫిల్‌లోనైనా దూరుతుంది. సలహా ఉద్దేశం కూడా అదే. అది మీ రైఫిల్ చాంబర్‌ను కొలిచి ఇచ్చిన సలహా కాదు.

రెడీమేడ్ షేర్వాణీ అందరికీ సరిపోయేలా కొంచెం వదులుగా కుడతారు. దర్జీ దగ్గర కుట్టించుకుంటే ఆయన ముందు టేపు తీస్తాడు. డై సర్దుబాటు కూడా అంతే, ముందు టేపు తీయాలి.

కొలవడం ఎలా?

మామూలు కాలిపర్‌తో షోల్డర్‌ను నేరుగా కొలవలేం, ఎందుకంటే అది వాలుగా ఉంటుంది. అందుకని కాలిపర్ దవడకు కంపారేటర్ అనే చిన్న బిళ్ల బిగిస్తారు. దానికి ఒక రంధ్రం ఉంటుంది, .308కి సుమారు 0.400 అంగుళాలది. షోల్డర్ ఆ రంధ్రంలో ఒకే చోట ఆగుతుంది. అక్కడి నుంచి అడుగు వరకు ఎంతో కాలిపర్ చూపిస్తుంది.

కొలిచే ముందు నాలుగు విషయాలు చూసుకోవాలి.

ఒకటి, కేస్ అదే రైఫిల్‌లో కాల్చినదై ఉండాలి. రేంజ్‌లో కింద దొరికినవి వేరేవాళ్ల చాంబర్ లెక్క చెప్తాయి. రెండు రైఫిళ్లు ఉంటే రెండు డబ్బాలు పెట్టుకోవాలి.

రెండు, పాత ప్రైమర్ తీసేయాలి. అది కొంచెం బయటికి పొడుచుకొచ్చి ఉంటే కాలిపర్ దాన్నే కొలుస్తుంది. డైతోనే ప్రైమర్ తీస్తే కేస్ సైజ్ అయిపోతుంది. అందుకే ప్రైమర్ తీయడానికే ఉన్న విడి డై వాడాలి.

మూడు, ఒక్క కేస్ కొలిచి ఆగొద్దు. కనీసం ఐదు కొలవాలి. ఒక్కసారే కాల్చిన కేస్ చాంబర్ మేరకు పూర్తిగా నిండకపోవచ్చు కాబట్టి ఎక్కువ వచ్చిన అంకెకు విలువ ఇవ్వాలి.

నాలుగు, మీ కాలిపర్ అంకెను ఇంకొకరి కాలిపర్ అంకెతో పోల్చొద్దు. బిళ్ల రంధ్రం అంచులో చిన్న తేడా ఉన్నా అంకె మారుతుంది. ఒకే పరికరంతో ముందు ఎంత, తర్వాత ఎంత అన్న తేడానే మనకు కావాలి. ఓపెనింగ్ బ్యాలెన్స్, క్లోజింగ్ బ్యాలెన్స్ ఒకే పుస్తకంలో ఉండాలి కదా, అలాగన్నమాట.

భాయ్ కంపారేటర్ కొని మళ్లీ మొదటి నుంచి కొలిచాడు. కాల్చిన ఐదు కేసులు 1.631, 1.632, 1.632, 1.631, 1.632 వచ్చాయి. పాత బిగింపుతోనే ఒకదాన్ని సైజ్ చేసి కొలిస్తే 1.624. అంటే షోల్డర్ 8 థౌలు వెనక్కి పోతోంది. తెగిన కేస్‌కి కారణం అక్కడే బయటపడింది.

ఎంత నెట్టాలి, ఎంత తిప్పాలి?

చేత్తో బోల్ట్ లాగే రైఫిల్‌కి సాధారణంగా 1 నుంచి 2 థౌలు చాలంటారు. తూటా తానే ఎక్కే సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌కి 3 నుంచి 5 థౌలు ఇస్తారు. అక్కడ బోల్ట్ స్ప్రింగ్ బలంతో మూసుకుంటుంది. తూటా బిగుతుగా ఉండి బోల్ట్ పూర్తిగా మూసుకోకపోతే అది ఇంకా పెద్ద ప్రమాదం. అంటే తక్కువ నెట్టడం ఎప్పుడూ మంచిదని కాదు, రైఫిల్‌ను బట్టి తగినంత నెట్టాలి.

భాయ్‌ది బోల్ట్ రైఫిల్. 1.632 నుంచి 2 థౌలు తీసేస్తే 1.630 రావాలి. ఇప్పుడు 1.624 వస్తోంది. డైని 6 థౌలు పైకి తీయాలి.

డై మీద మరలు అంగుళానికి 14. ఒక పూర్తి చుట్టు తిప్పితే డై అంగుళంలో పద్నాలుగో వంతు కదులుతుంది, అంటే సుమారు 71 థౌలు. కాగితంలో చెప్పిన పావు చుట్టు దాదాపు 18 థౌలు. 1 థౌ కావాలంటే తిప్పాల్సింది 5 డిగ్రీలే. గడియారంలో నిమిషాల ముల్లు ఒక్క నిమిషం జరిగితే 6 డిగ్రీలు. కాబట్టి 'ఒక నిమిషం తిప్పితే ఒక థౌకి కాస్త ఎక్కువ' అని గుర్తు పెట్టుకుంటే సరిపోతుంది. 6 థౌలకు 30 డిగ్రీలు, అంటే ఐదు నిమిషాల గుర్తులు.

లెక్క ఇంత సులువే అయినా చేతి పనిలో రెండు చిక్కులు వస్తాయి.

మొదటిది, వెనక్కి నెట్టిన షోల్డర్‌ను డై మళ్లీ ముందుకు తేదు. డైని పైకి తీశాక అదే కేస్‌తో పరీక్షిస్తే పాత అంకే వస్తుంది. ప్రతి ప్రయత్నానికీ సైజ్ చేయని కొత్త కేస్ తీసుకోవాలి. అందుకే అనుభవం ఉన్నవాళ్లు డైని ముందు బాగా పైకి తీసి, కొంచెం కొంచెంగా కిందకి వస్తారు. అలా వస్తే ఒకే కేస్‌ను మళ్లీ మళ్లీ వాడొచ్చు.

రెండోది వింతగా అనిపిస్తుంది. డై బాగా పైకి ఉన్నప్పుడు సైజ్ చేస్తే కేస్ కొలత తగ్గకపోగా పెరుగుతుంది. భాయ్‌కి ఒకసారి 1.634 వచ్చింది. కాలిపర్ పాడైందనుకున్నాడు. పాడవలేదు. డై ముందు కేస్ ఒళ్లును పక్కల నుంచి పిండుతుంది. టూత్‌పేస్ట్ ట్యూబ్ నొక్కినట్టు ఇత్తడి పైకి జరిగి షోల్డర్‌ను ముందుకు తోస్తుంది. డై ఇంకొంచెం కిందకి వచ్చి షోల్డర్‌ను తాకిన తర్వాతే అంకె తగ్గడం మొదలవుతుంది. ఇది తెలియక కొందరు కంగారుపడి ఒక్కసారిగా డైని సగం చుట్టు బిగించేస్తారు.

భాయ్ నిమిషం గుర్తులు వేసుకుని మెల్లగా దిగాడు. 1.634, 1.632, చివరికి 1.630. అక్కడ లాక్ రింగ్ బిగించి, తర్వాత ఇంకో మూడు కేసులు చేసి చూశాడు. రింగ్ బిగించేటప్పుడు కూడా డై కాస్త తిరగొచ్చు కాబట్టి ఈ చివరి పరీక్ష మానొద్దు.

ఆ తర్వాత సైజ్ చేసిన ఖాళీ కేస్‌ను, అంటే పౌడర్, ప్రైమర్ ఏదీ లేని దాన్ని, రైఫిల్‌లో పెట్టి చూడాలి. బోల్ట్ బలవంతం లేకుండా మూసుకోవాలి.

అంకెలు నిలకడగా రాకపోతే?

అన్నీ సరిగ్గా చేసినా ఒక కేస్ 1.630, ఇంకోటి 1.633 రావచ్చు. సాధారణంగా కారణం ఇత్తడి గట్టిపడటం. వైరును అటూ ఇటూ వంచితే ఆ చోటు గట్టిపడుతుంది కదా, కేస్ కూడా కాల్చి, పిండి, కాల్చి, పిండి గట్టిపడుతుంది. గట్టి ఇత్తడి డై నుంచి బయటికి రాగానే స్ప్రింగ్‌లా కొంచెం వెనక్కి వస్తుంది. అందుకని రెండోసారి వాడేవి, ఆరోసారి వాడేవి కలిపేయకూడదు. కొందరు మెడ, షోల్డర్ భాగాన్ని వేడి చేసి మెత్తబరుస్తారు. అడుగు భాగానికి ఆ వేడి తగలకూడదు, అడుగు మెత్తబడితే ఒత్తిడిని ఆపేదేమీ ఉండదు.

లూబ్ కూడా అంకెను మారుస్తుంది. తక్కువైతే కేస్ డైలో ఇరుక్కుంటుంది. ఎక్కువైతే షోల్డర్ మీద సొట్టలు పడతాయి.

ఇంకో కొలత మరిచిపోవద్దు. సైజ్ చేసిన ప్రతిసారీ ఇత్తడి మెడ వైపు జరిగి కేస్ మొత్తం పొడవు పెరుగుతుంది. .308కి గరిష్ఠం 2.015 అంగుళాలు, దాటకముందే 2.005కి కత్తిరించుకోవాలి. లేకపోతే మెడ అంచు చాంబర్ చివర నొక్కుకుని బుల్లెట్‌ను వదలదు, ఒత్తిడి పెరిగిపోతుంది.

మన త్రీ నాట్ త్రీ కథ

మన పోలీస్ స్టేషన్ల ముందు ఏళ్ల తరబడి కనిపించిన .303 రైఫిల్ గుర్తుందా? దాని తూటాకు అడుగున బయటికి వచ్చిన అంచు ఉంటుంది. చాంబర్‌లో తూటాను ఆపేది ఆ అంచే, షోల్డర్ కాదు. బురదలో, దుమ్ములో కూడా తూటా దూరాలని యుద్ధకాలపు లీ ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లలో షోల్డర్ దగ్గర చాంబర్‌ను వదులుగా ఉంచారు. సైన్యానికి ఇబ్బంది లేదు, కేస్‌ను మళ్లీ వాడరు. రీలోడ్ చేసేవాళ్లకు మాత్రం అదే సమస్య. ప్రతిసారీ షోల్డర్ బాగా ముందుకు పోతుంది, డై దాన్ని బాగా వెనక్కి తెస్తుంది, కేస్ తొందరగా తెగుతుంది. అందుకే .303 వాడేవాళ్లలో చాలామంది మెడ వరకే సైజ్ చేస్తారు.

తెగే ముందు కేస్ చెప్తుంది

కేస్ తెగే ముందు గుర్తులు కనిపిస్తాయి. అడుగుకు కాస్త పైన చుట్టూ మెరిసే సన్నని గీత ఏర్పడుతుంది. డై ఆగిన చోట పడే మామూలు గీతతో దీన్ని పొరబడొచ్చు. తేల్చుకోవడానికి పేపర్ క్లిప్ చివర కొక్కెంలా వంచి, కేస్ లోపల గోడ వెంట అడుగు నుంచి పైకి లాగాలి. ఎక్కడైనా గాడిలో తట్టినట్టు అనిపిస్తే ఆ కేస్ పారేయడమే. దాంతోపాటు కొని, అన్నిసార్లే కాల్చిన మిగతావాటినీ అలాగే చూడాలి.

భాయ్ తన డబ్బాలో మిగిలిన 40 కేసులు ఇలా చూశాడు. 17 కేసుల్లో గాడి తగిలింది. అవి కూడా తర్వాతి వారమో ఆ పై వారమో అతని ముఖం ముందు పగలాల్సినవే. వాటిని ప్లయర్‌తో నలిపి, ఎవరూ మళ్లీ వాడకుండా తుక్కులో వేశాడు.

ఒక్క మాట. కొత్త కంపెనీ తూటాలు కాల్చినా గీత పడుతుంటే తప్పు డైది కాదు, రైఫిల్‌ది. అప్పుడు రీసైజింగ్‌తో సర్దుకోవాలని చూడొద్దు. గన్‌స్మిత్ దగ్గర గో, నో గో గేజ్‌లు ఉంటాయి. .308కి అవి సాధారణంగా 1.630, 1.634. గో మీద బోల్ట్ మూసుకోవాలి, నో గో మీద మూసుకోకూడదు. చాంబర్‌లో ఇరుక్కున్న ముక్కను తీయించడానికి భాయ్ కూడా గన్‌స్మిత్ దగ్గరికే వెళ్లాడు, పనిలో పనిగా ఈ పరీక్ష కూడా చేయించాడు. రైఫిల్ బాగానే ఉందట.

ఇప్పుడు భాయ్ ప్రెస్ పక్కన ఒక నోట్‌బుక్ ఉంటోంది. తేదీ, ఎన్నోసారి వాడకం, ముందు కొలత, తర్వాత కొలత, పక్కన తేడా. ఐదు గడులు. మొన్న ఫోటో పంపి "నీ క్యాష్ బుక్ లాగే ఉంది కదా" అన్నాడు. ఉంది. కాకపోతే నా క్యాష్ బుక్‌లో తప్పు వస్తే మా ఆడిటర్ తిడతాడు. భాయ్ పుస్తకంలో తప్పుకు రెండో అవకాశం దొరకడం అల్లాహ్ దయ. మామీకి మాత్రం ఈ సంగతి ఇంకా చెప్పలేదు.